పసిమనసుకు గాయము: తల్లిదండ్రులకు తోడ్పడుటయే నివారణ

నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఉదయగిరి, ఆత్మకూరు, కొండాపురము ప్రాంతమంతయు మెట్టభూమి. పెన్నా కాలువల క్రింద వరి పండెడి తూర్పు భాగమునకును దీనికిని పోలిక లేదు. ఇచ్చట వాన కురిసిన యేడు పంట, కురవని యేడు పనులకై వలస. ఇట్టి మెట్ట పల్లెలో ఒక చిన్న ఇంటిని ఊహించుకొనుడు. ప్రొద్దు క్రుంకినది. తల్లి పొయ్యి వద్ద సంగటి కెలుకుచున్నది. నాలుగేండ్ల బిడ్డ గుమ్మము ప్రక్కన కూర్చుండి చీకటిలోనికి చెవియొగ్గి వినుచున్నది. సందు మలుపున తండ్రి అడుగుల చప్పుడు వినబడగానే ఆ బిడ్డ లేచి తల్లి వెనుకకు పోయి నిలుచును. అడుగులు నిలకడగా పడుచున్నవా, తడబడుచున్నవా అనుదానినిబట్టి ఆ రాత్రి ఎట్లు గడచునో ఆ బిడ్డ ముందుగనే గ్రహింపగలదు.

ఆ బిడ్డకు జ్వరము లేదు. ఒంటిపై దెబ్బ లేదు. అంగన్‌వాడీ కేంద్రమున తూచినచో బరువు సరిగానే యుండవచ్చును. అయినను ప్రతి సాయంకాలము ఆ చిన్న దేహములో ఒక మార్పు జరుగుచున్నది. అది కంటికి కనబడదు. కాని దాని జాడలు నలువది, ఏబది సంవత్సరముల తరువాత కూడ గుండెలోను, మెదడులోను, నడవడిలోను కనిపింపవచ్చునని గత కొన్ని దశాబ్దముల పరిశోధనలు తెలుపుచున్నవి. ఈ గాయము ఎట్టిది? ఇది ఎట్లు కలుగును? బిడ్డ నుండి కాక తల్లిదండ్రుల నుండి చికిత్స ప్రారంభింపవలెనని శాస్త్రజ్ఞులు ఎందుకు చెప్పుచున్నారు? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొందము.

గాయమనగా నేమి?

బిడ్డకు కలుగు ప్రతి కష్టమును గాయము కాదు. నడక నేర్చునపుడు పడుట, బడిలో మొదటి దినమున ఏడ్చుట, సూదిమందుకు భయపడుట సహజములు. అట్టి సమయమున గుండె కొంతసేపు వేగముగా కొట్టుకొనును. తల్లి ఎత్తుకొనగానే కుదుటపడును. ఈ కొద్దిపాటి ఒత్తిడి బిడ్డ పెరుగుదలకు అవసరము కూడ. ఇంటిలో ఒకరు మరణించుట, తుపాను వచ్చుట వంటివి ఇంతకంటె పెద్ద కష్టములు. కాని నమ్మదగిన పెద్దవారు ఒక్కరైన ప్రక్కన ఉన్నచో పిల్లలలో పెక్కుమంది వానిని తట్టుకొని నిలువగలరు.

మూడవ రకపు ఒత్తిడి వేరు. అది తీవ్రమైనది, ఎడతెగనిది, ఓదార్చువారు లేనిది. తరచుగా కొట్టుట, తిట్లతో అవమానించుట, లైంగిక దౌర్జన్యము, ఆకలిని ఏడుపును పట్టించుకొనకుండుట, తండ్రి తల్లిని కొట్టుచుండగా చూచుట, ఇంట త్రాగుడు, పెద్దలలో చికిత్స పొందని మానసిక వ్యాధి ఈ కోవకు చెందినవి. దీనిని శాస్త్రజ్ఞులు విషతుల్యమైన ఒత్తిడి అనిరి. ఇందలి విశేషమేమనగా, బిడ్డకు రక్షణ ఇయ్యవలసినవారే పెక్కుమార్లు భయమునకు కారణమగుచున్నారు. పాము కనబడినచో బిడ్డ తండ్రి వద్దకు పరుగెత్తును. తండ్రియే భయకారణమైనచో ఎవరి వద్దకు పరుగెత్తవలెను?

దేహములో జరుగు మార్పు

భయము కలిగినపుడు మెదడు అడుగు భాగముననున్న హైపోథలమస్ ఒక రసాయనమును పంపును. అది దాని దిగువనున్న పిట్యూటరీ గ్రంథిని మేల్కొల్పును. ఆ గ్రంథి రక్తము ద్వారా పంపిన సందేశము మూత్రపిండములపై టోపీవలె అమరియున్న అడ్రినల్ గ్రంథులకు చేరును. అవి కార్టిసాల్ అను హార్మోనును విడుదల చేయును. కార్టిసాల్ రక్తములో చక్కెరను పెంచి, పరుగెత్తుటకో ఎదిరించుటకో దేహమునకు శక్తిని సమకూర్చును. ఆపద తొలగగానే మెదడు దీనిని గుర్తించి, ఇక చాలునని గ్రంథులను ఆపివేయును. పొలములో మోటారు నడిపించి, మడి తడియగానే ఆపినట్లుండును ఈ ఏర్పాటు.

మడి తడిసినను మోటారు ఆగనిచో ఏమగును? ప్రతి రాత్రి భయముతో గడపు బిడ్డలో ఈ యంత్రము ఎల్లప్పుడును నడుచుచుండును. కొందరిలో కాలక్రమమున అలసిపోయి, అవసరమైనపుడు కూడ సరిగా స్పందింపదు. అపాయమును పసిగట్టు ఎమిగ్డలా అను భాగము చిన్న చప్పుడుకైనను ఉలికిపడునట్లు తయారగును. జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్, ఆలోచనను నిగ్రహమును నడపు ముందరి మెదడు ఎదుగుదలలో దెబ్బతినవచ్చును. మెదడు అత్యంత వేగముగా పెరుగునది తొలి మూడేండ్లలోనే. కనుక ఆ కాలమున తగిలిన దెబ్బ లోతుగా దిగును.

ఇట్టి బిడ్డ బడిలో చేరినపుడు ఉపాధ్యాయునకు మొండివాడుగనో, మందమతిగనో కనిపించును. నిజమునకు ఆ బిడ్డ మెదడు తన పని తాను చేయుచున్నది. అపాయమున్న ఇంటిలో బ్రతుకుటకు అది శిక్షణ పొందినది. పాఠము వినుటకంటె తలుపు వైపు చూచుటయే తనకు ముఖ్యమని అది నేర్చుకొన్నది.

కోతిపిల్ల, ఎలుకపిల్ల చెప్పిన సాక్ష్యము

తల్లి స్పర్శ ఎంత అవసరమో తెలిసికొనుటకు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హారీ హార్లో చేసిన ప్రయోగములు 1958లో ప్రకటింపబడినవి. తల్లినుండి వేరుచేసిన కోతిపిల్లల ఎదుట రెండు బొమ్మ తల్లులను నిలిపిరి. ఒకటి ఇనుప తీగెలతో చేసినది, రెండవది మెత్తని గుడ్డ చుట్టినది. తీగె బొమ్మయే పాలిచ్చుచున్నను, పిల్లలు పాలు త్రాగినంతసేపు మాత్రమే దానివద్ద నుండి, తక్కిన కాలమంతయు గుడ్డ బొమ్మనే కరచుకొని యుండెను. ఆకలి తీర్చుట ఒకటి, ఆదరించుట మరొకటి అని దీనివలన తేలినది. ఆ కోతిపిల్లలు పడిన బాధనుబట్టి ఇట్టి ప్రయోగములు తగునా అను చర్చయు తరువాతి కాలమున జరిగినది.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున మైకేల్ మీనీ బృందము ఎలుకలను పరిశీలించినది. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను ఎక్కువగా నాకును. కొన్ని తక్కువగా నాకును. ఎక్కువగా నాకించుకొన్న పిల్లలు పెద్దవైన తరువాత భయమును సులభముగా తట్టుకొనునని 1997లో వెల్లడియైనది. ఇది పుట్టుకవలన వచ్చిన గుణమా, పెంపకమువలన వచ్చినదా? పిల్లలను మార్చి చూచిరి. తక్కువ నాకెడి తల్లికి పుట్టిన పిల్ల ఎక్కువ నాకెడి తల్లివద్ద పెరిగినపుడు పెంపుడు తల్లి పిల్లలవలెనే నడచుకొన్నది. కార్టిసాల్ వంటి హార్మోనును గుర్తించి ఒత్తిడిని ఆపుటకు తోడ్పడు ఒక జన్యువుపై రసాయనిక ముద్రలు పెంపకమునుబట్టి మారుచున్నవని 2004లో తెలిసినది. అనగా జన్యువు మారదు. దాని తలుపు తెరచుకొనుటయో మూసికొనుటయో మారును. మానవులలో విషయము ఇంతకంటె చిక్కైనది. ఎలుకల ఫలితములను యథాతథముగా బిడ్డలకు అన్వయింపరాదు. అయినను పెంపకము దేహములోనికి ఎట్లు ప్రవేశించునో చూపుటకు ఈ ప్రయోగము దారిదీపమైనది.

శాన్ డియాగో లెక్కలు

మనుష్యులలో ఈ సంగతి ఒక విచిత్ర రీతిని బయటపడినది. 1980 దశకమున కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అను వైద్యుడు స్థూలకాయులకు చికిత్స చేయుచుండెను. బాగుగా బరువు తగ్గుచున్నవారే కొందరు అర్ధాంతరముగా చికిత్స మానుచుండిరి. కారణము విచారింపగా, వారిలో పెక్కుమంది పసితనమున లైంగిక దౌర్జన్యమునకు గురియైనట్లు తెలిసినది. వారికి లావు ఒక కవచమువంటిదై యుండెను.

పిమ్మట ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అను మరొక వైద్యునితో కలిసి వేలమందిని ప్రశ్నించి, 1998లో ఫలితములను ప్రకటించెను. తొలి నివేదికలో 9,508 మంది సమాధానములున్నవి. ఏడు రకముల బాల్య కష్టములను అడుగగా, సగముకంటె ఎక్కువ మంది కనీసము ఒకటి అనుభవించితిమనిరి. నాలుగు లేక అంతకంటె ఎక్కువ రకములు అనుభవించినవారికి, ఏదియు అనుభవింపనివారితో పోల్చినపుడు, త్రాగుడు, మత్తుమందుల అలవాటు, మానసిక కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నము కలుగు అపాయము 4 మొదలు 12 రెట్లు ఎక్కువగా నుండెను. గుండె జబ్బు, క్యాన్సరు, ఊపిరితిత్తుల వ్యాధులు కూడ కష్టముల సంఖ్యతో పాటు పెరిగినవి. కష్టముల జాబితా తరువాత పదికి పెరిగినది.

ఈ లెక్కలను అర్థము చేసికొనుటలో ఒక జాగ్రత్త అవసరము. ఇవి సమూహములను గూర్చిన లెక్కలు. ఏ ఒక్క బిడ్డ నుదుటి వ్రాతయు కావు. నాలుగు కష్టములు పడినవారిలో ఆరోగ్యముగా, గౌరవముగా జీవించుచున్నవారు ఎందరో కలరు. దెబ్బలు తిని పెరిగినవారు తమ పిల్లలను కొట్టియే తీరుదురనుటయు సరికాదు. అట్టివారిలో ఎక్కువ మంది ఆ గొలుసును తామే తెంచుచున్నారు.

మన దేశపు స్థితి

భారత ప్రభుత్వ స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ, ప్రయాస్ అను స్వచ్ఛంద సంస్థ సహాయముతో జరిపిన అధ్యయనము 2007లో వెలువడినది. 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించిరి. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. నూటికి 53 మంది ఏదో ఒక రూపమున లైంగిక దౌర్జన్యమును ఎదుర్కొనినట్లు చెప్పిరి. ఎక్కువ పీడన కనబడిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ పేరు కూడ ఉన్నది. ఈ అధ్యయనము తరువాత 2012లో పిల్లలను లైంగిక నేరములనుండి రక్షించు పోక్సో చట్టము వచ్చినది. అంతకు ముందే 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో కొట్టుటను నిషేధించినది. కాని ఇంటి లోపలికి చట్టము ఆలస్యముగా చేరును. తరచుగా అపకారము జరిగిన పిమ్మటనే చేరును.

త్రాగుడుకును ఇంటి దౌర్జన్యమునకును గల సంబంధమును 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే స్పష్టముగా చూపినది. తరచుగా త్రాగి వచ్చు భర్తలుగల స్త్రీలలో నూటికి 70 మంది భర్త దౌర్జన్యమును చవిచూచిరి. త్రాగని భర్తలుగల స్త్రీలలో ఈ సంఖ్య 23. ఇట్టి ఇండ్లలో పెక్కింటిలో గోడవారగా నిలుచుండి చూచు పిల్లలు కూడ ఉందురు.

తల్లిదండ్రుల వద్దనే ఎందుకు ప్రారంభింపవలెను?

బిడ్డ బాధపడుచున్నచో బిడ్డను తీసికొనిపోయి వేరొక చోట పెంచరాదా అని కొందరికి తోచును. ప్రాణాపాయమున్నపుడు అది తప్పదు. కాని సంస్థలలో పెంపకము ఎట్టిదో చరిత్ర చూపినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా జాన్ బౌల్బీ 1951లో సమర్పించిన నివేదికలో, పసిబిడ్డకు ఒకే వ్యక్తితో ఎడతెగని ఆప్యాయ సంబంధము మానసిక ఆరోగ్యమునకు అత్యవసరమని చెప్పెను. రుమేనియాలో 1989 తరువాత అనాథాశ్రమముల దుస్థితి లోకమునకు తెలిసినది. అచ్చటి 136 మంది పసిబిడ్డలను గూర్చిన అధ్యయనము 2000లో మొదలైనది. కొందరిని పెంపుడు కుటుంబములకు అప్పగించిరి. వారి తెలివితేటలు ఆశ్రమములో నిలిచినవారికంటె మెరుగుపడినవనియు, రెండేండ్లు నిండకముందే కుటుంబమునకు చేరినవారికి లాభము ఎక్కువనియు 2007లో ప్రకటించిరి. కనుక బిడ్డకు కుటుంబము కావలెను. ఆ కుటుంబము భయము లేనిదిగా నుండవలెను. ఈ రెండు విషయములను కలిపి చూచినపుడు మిగులు మార్గమొక్కటే: ఉన్న కుటుంబమును నిలబెట్టుట.

తల్లిదండ్రులు క్రూరులగుటచే మాత్రమే బిడ్డలు గాయపడుదురనుకొనుట పొరపాటు. అప్పుతో, పంట నష్టముతో, నిద్రలేమితో నలుగుచున్న మనసుకు ఓర్పు తరిగిపోవును. ప్రసవానంతరము కుంగుబాటుకు లోనైన తల్లి బిడ్డ నవ్వినను తిరిగి నవ్వలేదు. ఆమెకు ప్రేమ లేక కాదు, శక్తి లేక. ఊరిలో దీనిని సోమరితనమనియో, గాలి సోకినదనియో అందురు. ఆమెకు కావలసినది మందలింపు కాదు. వైద్యము, విశ్రాంతి, తోడు.

ఇంటికి వచ్చి పలుకరించు మనిషి

ఈ తోడు ఎట్లుండవలెనో పరీక్షించినవారిలో డేవిడ్ ఓల్డ్స్ ముఖ్యుడు. న్యూయార్కు రాష్ట్రములోని ఎల్మైరా పట్టణమున 1970 దశకాంతమున 400 మంది గర్భిణులను ఎన్నుకొనిరి. వారిలో పెక్కుమంది పేదలు, చిన్న వయసువారు, లేక భర్త తోడు లేనివారు. కొందరి ఇండ్లకు నర్సులు గర్భము మొదలు బిడ్డకు రెండేండ్లు నిండువరకు క్రమముగా వెళ్లిరి. పసిబిడ్డ ఏడుపునకు అర్థమేమి, తల్లి తన చదువును పనిని ఎట్లు సాగింపగలదు, అవసరమైనపుడు ఎవరి సహాయము అడుగవలెను అనునవే వారి మాటలు. పదునైదేండ్ల తరువాత చూడగా, ఆ కుటుంబములలో పిల్లలను హింసించిన, అలక్ష్యము చేసిన ఉదంతములు తక్కిన కుటుంబములకంటె దాదాపు సగము తక్కువగా నుండెను.

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందము 1986-87లో ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లలను తీసికొనినది. ఆరోగ్య కార్యకర్తలు కొందరి ఇండ్లకు వారమునకొక గంట చొప్పున రెండేండ్లు వెళ్లి, ఇంటిలో దొరకు వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎట్లాడింపవలెనో తల్లికి చూపిరి. ఇరువది సంవత్సరముల తరువాత ఆ పిల్లల సంపాదన, అట్టి సహాయము పొందనివారికంటె 25 శాతము ఎక్కువగా నుండెను. మన దేశమున ఝార్ఖండ్, ఒడిశా గ్రామములలో ఏక్‌జుట్ అను స్వచ్ఛంద సంస్థ స్త్రీలను నెలకొకమారు సమావేశపరచి, వారి సమస్యలను వారే చర్చించుకొనునట్లు చేసినది. మూడేండ్లలో నవజాత శిశు మరణములు 32 శాతము తగ్గినవి. మూడవ యేట తల్లులలో ఒక మోస్తరు కుంగుబాటు 57 శాతము తగ్గినది. ఈ ఫలితములు 2010లో ప్రకటింపబడినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కూడ నల్లగొండ జిల్లా పల్లెలలో సూక్ష్మపోషకములతో పాటు ఆటల ద్వారా శిక్షణను జోడించి పరీక్షలు జరిపిరి.

ఎల్మైరా పరీక్షలో మరొక సంగతి కూడ తేలినది. భార్యపై దౌర్జన్యము తరచుగా జరుగు ఇండ్లలో నర్సు రాకవలన ఈ ప్రయోజనము కనబడలేదు. తల్లికి ఎన్ని మంచి మాటలు నేర్పినను, ఆమె ఒంటిపై దెబ్బలు ఆగనంతవరకు బిడ్డకు రక్షణ లేదు. దౌర్జన్యమును ఆపుట ఒక నర్సువల్ల అగు పని కాదు. దానికి ఊరు కదలవలెను. అట్లు కదలిన ఊరు కొండాపురమునకు సమీపముననే కలదు.

దూబగుంట చూపిన దారి

కలిగిరి మండలములోని దూబగుంట నెల్లూరు మెట్టలో ఒక చిన్న పల్లె. 1990 దశకారంభమున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినది. జిల్లా యంత్రాంగముతో పాటు, 1988లో స్థాపింపబడిన జన విజ్ఞాన వేదిక వంటి స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు రాత్రి బడులలో పాఠములు చెప్పిరి. పగలంతయు కూలిపని చేసిన స్త్రీలు పలకలు పట్టి కూర్చుండిరి. వారి వాచకములో సీతమ్మ అను స్త్రీ కథ యుండెను. భర్త త్రాగుడువలన ఆమె పడిన పాట్లే ఆ కథ. చదివిన స్త్రీలు అది ఎవరో సీతమ్మ కథ కాదని, తమ కథయే అని గుర్తించిరి.

1992లో దూబగుంట స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకమును ఆపించిరి. దూబగుంట రోశమ్మగా పేరుపొందిన వర్ధినేని రోశమ్మ వారిలో ముందు నిలిచినది. ఆ వార్త ప్రక్క పల్లెలకు, తరువాత రాష్ట్రమంతటికి ప్రాకినది. స్త్రీలు గుంపులుగా పోయి సారా దుకాణముల వేలముపాటలను అడ్డగించిరి. 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చి, 1997లో సడలింపబడినది.

ఈ ఉద్యమమును సాధారణముగా మద్యనిషేధ చరిత్రలో భాగముగా చెప్పుదురు. బాలల ఆరోగ్య దృష్టితో చూచినచో దీని అర్థము మరింత విస్తరించును. ఆ స్త్రీలు కార్టిసాల్ పేరు వినియుండరు. అయినను బిడ్డను గాయపరచు కారణములలో ముఖ్యమైన రెంటిని, త్రాగుడును తన్నులను, వారు తామే గుర్తించి వాని మూలముపై దెబ్బతీసిరి. ఉద్యమము తరువాత జిల్లాలో పొదుపులక్ష్మి సంఘములు వెలసినవి. దినమునకొక రూపాయి దాచుటతో మొదలైన ఆ సంఘములు అప్పుకై పరుల గడప త్రొక్కు అవసరమును కొంత తగ్గించినవి. అంతకు మించి, కష్టము చెప్పుకొనుటకు పదిమంది తోడును ఇచ్చినవి. నిషేధము సడలినను ఆ కూడిక నిలిచినది. చట్టము వచ్చిపోవచ్చును, తోడు నిలిచినచో బిడ్డకు అదియే రక్షణ.

స్వచ్ఛంద సంస్థల అనుభవము

నెల్లూరులో 1950లో జన్మించిన శాంతా సిన్హా పేరు ఈ సందర్భమున తలపవలసియున్నది. ఆమె తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్య స్మారకముగా 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనిపాటలలో మగ్గుచున్న పిల్లలను బడికి చేర్చినది. పేదలు తమ పిల్లలను చదివింప గోరరను అభిప్రాయమును ఆ సంస్థ అంగీకరింపలేదు. కార్యకర్తలు ఇంటింటికి తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడిరి. నిందింపక అడిగినపుడు, బిడ్డకై ఎంతటి త్యాగమునకైనను వారు సిద్ధపడిరి. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు ఆమె తొలి అధ్యక్షురాలైనది.

హైదరాబాదులో 1996లో సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ స్థాపించిన ప్రజ్వల సంస్థ ఇంకను కఠినమైన చోట పని మొదలిడినది. మెహబూబ్ కీ మెహందీ ప్రాంతమున వ్యభిచార వృత్తిలో చిక్కుకొన్న స్త్రీల పిల్లలకు బడి నడపుటయే దాని తొలి కార్యము. తల్లి పడిన కూపములో బిడ్డ పడకుండుటయే లక్ష్యము. ఆ తల్లులు తాము బయటపడలేకున్నను బిడ్డలను బయటపడవేయగోరిరి. లోకము చులకనగా చూచు తల్లిలో సైతము బిడ్డ క్షేమమును గోరు హృదయముండునని, దానిని ఆధారము చేసికొనియే పని సాగవలెనని ఈ రెండు సంస్థల అనుభవమును చాటుచున్నది.

పల్లెలో చేయదగిన పని

ఇట్టి సేవకు పెద్ద భవనములు అక్కరలేదు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద అంగన్‌వాడీ కేంద్రములు కలవు. ఆశా కార్యకర్తలు కలరు. పొదుపు సంఘములు కలవు. వీరికి తోడుగా స్వచ్ఛంద సంస్థ చేయదగినది ప్రధానముగా నాలుగు విధములు.

మొదటిది, గర్భము నాటినుండియే పరిచయము. బిడ్డ పుట్టి దెబ్బతిన్న తరువాత వచ్చువానికంటె ముందే వచ్చినవారి మాటకు విలువ ఎక్కువ. రెండవది, తల్లి మనసును విచారించుట. బిడ్డ బరువుతో పాటు, ఆమెకు నిద్ర పట్టుచున్నదా, తిండి సహించుచున్నదా, బ్రతుకుపై ఆశ యున్నదా అని అడుగవలెను. మూడవది, తండ్రిని కలుపుకొనుట. త్రాగుడు వ్యాధియనియు, దానికి చికిత్స కలదనియు చెప్పువారుండవలెను. కోపము పొంగినపుడు చేయెత్తక బయటికి పోయి, నీళ్లు త్రాగి, చల్లబడి వచ్చుట అలవాటుగా నేర్పవచ్చును. నాలుగవది, వలసపోవు కుటుంబముల సంగతి. బిడ్డను అవ్వతాతల వద్ద విడిచిపోవలసి వచ్చినపుడు, నిద్రలో నుండగా దొంగతనముగా పోరాదు. చెప్పి పోవలెను, తిరిగి వచ్చు పండుగ పేరు చెప్పవలెను, వారమునకొక నిర్ణీత దినమున ఫోనులో మాట్లాడవలెను. ఎదురుచూచుటకు ఒక గురుతున్న బిడ్డ, ఏమియు తెలియక విడువబడిన బిడ్డకంటె సులభముగా ఓర్చుకొనును.

ప్రమాదమున్నచో ఆలస్యము కూడదు. ఆపదలోనున్న పిల్లలకై 1098, స్త్రీలకై 181, మానసిక బాధకై 14416 అను ఉచిత ఫోను నంబర్లు కలవు. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ నిచ్చు 2005 నాటి చట్టమును కలదు. ఇవి యున్నవని తెలిసిన ఒక్క మనిషి వీధికొకరున్నచో ఎంతో మేలు.

చివరకు, గాయపడిన బిడ్డ విషయములో నిరాశ పడనక్కరలేదు. మెదడు పసితనమున సులభముగా గాయపడును. అట్లే సులభముగా కోలుకొనును. అవ్వయో, ఉపాధ్యాయుడో, పొరుగింటి అత్తయో, నిలకడగా ఆదరించు ఒక్క పెద్దమనిషి దొరకినను బిడ్డ దారి మారుచున్నదని పరిశోధనలు పదేపదే చూపుచున్నవి.

మొదట చెప్పిన ఇంటికి తిరిగి పోదము. ఆ బిడ్డకు మందు ఇచ్చువారెవరును లేరు. కాని ఆ తల్లికి సంఘములో పదిమంది తోడుండి, ఆ తండ్రి త్రాగుడు మానుటకు ఎవరైన చేయూతనిచ్చి, ఒక సాయంకాలము అతడు నిలకడగా నడచి వచ్చినచో, గుమ్మము వద్ద చెవియొగ్గియున్న ఆ బిడ్డ ఏమి చేయును? కొన్నాళ్లు నమ్మదు. రోజూ అట్లే వచ్చుచున్నచో, ఒకనాడు తల్లి వెనుకకు పోక తండ్రికి ఎదురుపోవును. ఆనాటి నుండి ఆ చిన్న దేహములో ప్రతి సాయంకాలము జరుగు మార్పు వేరొకటి యగును.